ఎర్నమ్మ విప్పిన ముడి

అనగనగా రాజు కాదు, రాణీ కాదు. అనగనగా ఒక కారు. నల్ల కారు. కొండ మీద ఏడు ఊళ్ళుంటే ఏడు ఊళ్ళకీ అదొక్కటే కారు. ఎప్పటి సంగతంటారా? ఘాటు రోడ్డు మీద ఇంకా తారు పడని రోజుల సంగతి. అంతకంటే నన్నడక్కండి, నాకూ తెలీదు. మా అమ్మమ్మ నాకు చెప్పింది. ఆవిడకి ఒక లారీ డ్రైవరు చెప్పాడట. ఈ కథ చెప్పేవాళ్ళకి మధ్యలో కోపం వస్తుంది. నాకూ వస్తుంది. కాస్త ఓర్చుకుని వినండి.

ఆ కారు షావుకారు సన్యాసయ్యది. కొండ మీద చింతపండు, పసుపు, కరక్కాయలు కొని కింద పట్నంలో అమ్మేవాడు. చెడ్డవాడా అంటే, అలా అనలేం. ఒంట్లో బాగోలేదని ఎవరైనా వస్తే కారు పంపించేవాడు. కాకపోతే ఆయన మాటకి ఊళ్ళో ఎవరూ అడ్డు చెప్పేవారు కాదు. చెప్పించుకునే అలవాటు ఆయనకీ లేదు.

ఆ కారు నడిపేవాడు దాలయ్య. ఇంజను దగ్గితే ఎందుకు దగ్గిందో, తుమ్మితే ఎందుకు తుమ్మిందో ఇట్టే చెప్పేసేవాడు. కానీ షావుకారు ఎదురుగా ఉంటే మాత్రం నోరు పెగిలేది కాదు.

ఇక మూడో మనిషి ఎర్నమ్మ. మన కథ ఆవిడదే. ఊరి చివర, రోడ్డు కిందికి దిగడం మొదలయ్యే చోట ఆవిడ తాటాకిల్లు. ఇంటి ముందు అరుగు, అరుగు మీద బల్ల, బల్ల మీద బొగ్గుల ఇస్త్రీ పెట్టె. మొగుడు ఎప్పుడో చిన్న వయసులోనే పోయాడు. ఊరందరి బట్టలూ ఆవిడ చేతి మీదుగానే వెళ్ళాలి. పెళ్ళికొడుకు పంచె ఆవిడే ఇస్త్రీ చెయ్యాలి, పెళ్ళికి మాత్రం ఆవిడ రాకూడదు. దేవుడి పట్టుబట్ట ఆవిడే మడత పెట్టాలి, ఆ మడత విప్పేటప్పుడు ఆవిడ కనబడకూడదు. ప్రయాణమయ్యే వాడి చొక్కా ఆవిడ ఇంటి నుంచే రావాలి, వాడు బయల్దేరేటప్పుడు ఆవిడ ఎదురు రాకూడదు. అంటే ఆవిడ చేతులు కావాలి, ఆవిడ మాత్రం అక్కర్లేదు. చూశారా, నాకు అప్పుడే మొదలైంది.

ఒక ఏడాది దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు. నాగలికి బొట్టు, కత్తికి బొట్టు, కుట్టు మిషనుకి బొట్టు. అన్నిటికీ పూజ అయింది, ఇక కారు వంతు వచ్చింది. ఏటా కారు ముందు భాగానికి పసుపు రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవారు. ఆ ఏడు షావుకారుకి కొత్త ఆలోచన వచ్చింది. పని చేసేది లోపలున్న ఇంజనైతే రేకుకి పూజ చెయ్యడమేమిటి, ఇంజనుకే చెయ్యాలి అన్నాడు. బానెట్టు ఎత్తించాడు.

ఇంజను పక్కన ఒక నల్ల మూత ఉంటుంది. తీగలన్నీ దాని దగ్గరికే వచ్చి కలుస్తాయి. ఇంజనుకి నిప్పు పంచిపెట్టేది అదే. షావుకారు దానికి పసుపు రాశాడు, కుంకుమ పెట్టాడు. చుట్టూ పసుపు దారంతో కంకణం కట్టాడు. మామూలుగా కాదు, మూడు ముళ్ళు బిగించి కట్టాడు. ఆ తర్వాత కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళతో మూతకి అభిషేకం చేశాడు. ఒక కాయ నీళ్ళు పోశాడు. రెండో కాయ నీళ్ళు పోశాడు. మూడో కాయ నీళ్ళు కూడా పోశాడు.

దాలయ్య ఏదో చెప్పబోయాడు. షావుకారు తలెత్తి చూశాడు. దాలయ్య నోరు మూసుకున్నాడు.

ఊరంతా చూసింది. పెద్దవాళ్ళు చూశారు, పిల్లలు చూశారు. పండగ బట్టలు షావుకారింటి పెరటి గుమ్మం దగ్గర పెట్టడానికి వచ్చిన ఎర్నమ్మ కూడా కారు షెడ్డు గోడ పక్కన నిలబడి చూసింది. పంతులుగారు అక్షింతలు వేశారు. సాయంత్రం తాను వచ్చి ఉద్వాసన చెప్పేదాకా కంకణం విప్పకూడదని చెప్పి, పక్క ఊళ్ళో పూజ ఉంటే వెళ్ళిపోయారు.

షావుకారుకి ఒక్కతే కూతురు. పేరు వరాలు. పరికిణీ కట్టే వయసు. పూజ అయ్యాక ఆ పిల్ల బంతిపూల కోసం షెడ్డు వెనక్కి వెళ్ళింది. అక్కడ కొబ్బరి పీచు కుప్పగా పోసి ఉంది. ఆ కుప్పలో పాముంది. పిల్ల కాలు దాని మీద పడింది. మడమ మీద కాటేసింది.

పాము కాటుకి సూది మందు కొండ కింద పట్నం ఆసుపత్రిలో ఉంది. నడిచి వెళ్తే పొద్దు గూకుతుంది. కారులో అయితే పప్పు ఉడికేంత సేపు. పిల్లని తెచ్చి వెనక సీట్లో పడుకోబెట్టారు. పిల్ల తల వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టుకుంది. దాలయ్య సెల్ఫ్ కొట్టాడు.

కుయ్యి కుయ్యి కుయ్యిమంది. ఇంజను తిరిగింది. అందుకోలేదు.

పెట్రోలు రావట్లేదేమో అన్నారు. దాలయ్య దిగి గొట్టం ఊడదీశాడు. పెట్రోలు ధారగా వచ్చింది. గొట్టం బిగించి మళ్ళీ సెల్ఫ్ కొట్టాడు. కుయ్యి కుయ్యి కుయ్యిమంది. ఇంజను తిరిగింది. అందుకోలేదు.

గాలి అందట్లేదేమో అన్నారు. గాలి పీల్చే డబ్బా విప్పి దులిపాడు. శుభ్రంగానే ఉంది. ఈలోగా షావుకారు తల్లి, ముసలావిడ, దిష్టి తగిలిందని నిమ్మకాయ తిప్పి పారేసింది. మళ్ళీ సెల్ఫ్ కొట్టాడు. ఈసారి కుయ్యి... కుయ్యి... అంటూ నీరసంగా తిరిగింది. బ్యాటరీ దిగిపోతోంది. అందుకోలేదు.

ఇంజనుకి కావలసినవి మూడంటే మూడే. పెట్రోలు, గాలి, నిప్పు. ఈ మూడూ అందితే అందుకుంటుంది. ఏది అందకపోయినా ఊరికే తిరుగుతుంది. పెట్రోలు చూశాడు. గాలి చూశాడు. ఇక చూడాల్సింది ఏమిటి? మీరు చెప్పండి. చెప్పగలరు కదా? అక్కడున్న ప్రతివాడూ చెప్పగలడు.

దాలయ్య చెయ్యి నల్ల మూత మీదకి వెళ్ళింది. చెయ్యి కంకణానికి తగిలింది. షావుకారు అన్నాడు, "అది విప్పకు. పంతులుగారు రావాలి."

దాలయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. వెనక సీట్లో పిల్ల కళ్ళు మూతలు పడుతున్నాయి. రెప్పలు ఎత్తలేకపోతోంది. మాట ముద్దగా వస్తోంది. పొద్దున నీళ్ళు పోసిన చోటు ఎదురుగా కనబడుతోంది. కన్న తండ్రికి కంకణం అడ్డొచ్చింది. పని తెలిసిన వాడికి కొలువు అడ్డొచ్చింది. చుట్టూ నిలబడ్డ జనానికి షావుకారు మొహం అడ్డొచ్చింది. పూజ వల్ల బండి ఆగిందని ఎవడంటాడు? పెద్దమనిషి చేత్తో చేసింది తప్పని ఎవడంటాడు? ఒక్కడూ అనలేదు. తోద్దాం పదండి అన్నారు.

తోశారు. కారుని షెడ్డులోంచి తోశారు, బజారు వెంట తోశారు, ఊరి చివరిదాకా తోశారు. దాలయ్య గేరు వేసి క్లచ్చి వదిలాడు. కారు ఒకసారి ఎగిరింది. రెండోసారి ఎగిరింది. మూడోసారి ఎగిరి ఆగిపోయింది. అందుకోలేదు.

ఆగిన చోటు ఎర్నమ్మ ఇంటి ముందు. అరుగు మీద ఎర్నమ్మ ఇస్త్రీ చేస్తోంది.

షావుకారు తల్లి ఆవిడని చూసింది. తలబాదుకుని, అదిగో ముండమోసింది ఎదురొచ్చింది, ఇంకెక్కడ కదులుతుంది బండి, అంది. అంతే, అందరికీ ప్రాణం లేచొచ్చింది. అవును అవునన్నారు. పొద్దున షెడ్డు దగ్గర కూడా కనబడిందన్నారు. ఇంతసేపూ పెగలని నోళ్ళన్నీ ఒక్కసారి పెగిలాయి. లోపలికి పొమ్మని ఒకడు గదమాయించాడు. తలుపేసుకోమని ఇంకొకడన్నాడు.

ఎర్నమ్మ లోపలికి పోలేదు. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, అరుగు దిగి, కారు దగ్గరికి వచ్చింది. అద్దంలోంచి పిల్లని చూసింది. తర్వాత ముసలావిడ వైపు తిరిగింది.

"అమ్మగారూ, నేను మీ బండికి ఎదురు రాలేదు. మీ బండే నా గుమ్మానికి ఎదురొచ్చింది. పొద్దున దాని మీద కొబ్బరినీళ్ళు పొయ్యడం మీరు చూశారా లేదా?"

ముసలావిడ మొహం తిప్పేసుకుంది.

దాలయ్యని అడిగింది. ఆ నీళ్ళు లోపలికి దిగితే నిప్పు పుడుతుందా నాయనా, అని. దాలయ్య నేల చూపులు చూశాడు.

షావుకారుని అడిగింది. ఆ మూత విప్పించండి బాబూ, తడి ఉంటే తుడుస్తారు, లేకపోతే మళ్ళీ పెట్టేస్తారు, పోయేదేముంది, అని. షావుకారు ఏడుస్తున్నాడు. పాపం, అది నిజమైన ఏడుపే. కానీ ఏడుస్తూ కూడా ఏమన్నాడో విన్నారా? కంకణం విప్పితే పిల్లకి కీడని, ఆ పాపం తాను చెయ్యలేనని అన్నాడు.

"అయితే ఆ పాపం నేను చేస్తాను," అంది ఎర్నమ్మ. "ముడి నేను విప్పుతాను. ఎవరైనా అడిగితే ఎర్నమ్మ విప్పిందని చెప్పండి."

ఎవరో ఆవిడ రెక్క పట్టుకున్నారు. కారులోంచి పిల్ల తల్లి ఒక్క మాటంది, వదలండి ఆవిడని, అని. ఆ తల్లి గొంతు ఇంటి బయట వినబడటం అదే మొదలట. పట్టుకున్నవాళ్ళు వదిలేశారు.

ఎర్నమ్మ మొదటి ముడి విప్పింది. రెండో ముడి విప్పింది. మూడోది బిగుసుకుపోయి ఉంటే పంటితో కొరికింది. దారం తీసి పక్కన పెట్టి, దాలయ్యా, ఇప్పుడు దీనికి ఏ కంకణమూ లేదు, నువ్వు చెయ్యి పెట్టొచ్చు, అంది.

దాలయ్య మూత ఊడదీశాడు. వంచితే లోపలినుంచి కొబ్బరినీళ్ళు కారాయి. అందరి ముందూ, బొట్లు బొట్లుగా, రోడ్డు మీద కారాయి.

తడి పోగొట్టడం ఎర్నమ్మకి పుట్టినప్పటినుంచీ ఉన్న పని. బొగ్గుల పెట్టె ఎత్తబోయింది. పెట్రోలు ఉంది, నిప్పు ఇటు తేవద్దన్నాడు దాలయ్య. సరేనని పెట్టెని అరుగు మీదే ఉంచి, పాత నూలు చీర చింపి, ఆ గుడ్డ పెట్టె కింద వేడి చేసి పరుగున తెచ్చింది. దాలయ్య మూత లోపల తుడిచాడు. రెండో గుడ్డ తెచ్చింది. తీగలు తుడిచాడు. మూడో గుడ్డ తెచ్చింది. ఇంజను ఊరికే తిరిగి తిరిగి పెట్రోలుతో తడిసిపోయిన ప్లగ్గులు ఊడదీసి తుడిచాడు. అన్నీ బిగించాడు. బ్యాటరీ అయిపోయింది కాబట్టి కారుని కొండ వాలులోకి తోశారు. తోసినవాళ్ళలో ఎర్నమ్మ కూడా ఉంది.

ఒకసారి ఎగిరింది. రెండోసారి ఎగిరింది. మూడోసారికి అందుకుంది.

పిల్ల బతికింది. పట్నంలో సూది వేశారు, కొన్నాళ్ళు ఉంచుకున్నారు, లేచి నడిచేదాకా చూసి ఇంటికి పంపారు. ఇక్కడితో కథ ఆపేస్తే బాగుణ్ణు కదా? నాకూ ఆపేయాలనే ఉంటుంది. కానీ మన జనం ఆపనివ్వరు.

కారు తిరిగొచ్చిన రోజే దానికి శుద్ధి చేశారు. ఎవరి చెయ్యి తగిలిందని? ఎర్నమ్మ చెయ్యి తగిలిందని. పిల్ల ఎలా బతికిందంటే, పూజ ఫలం అన్నారు. నిమ్మకాయ పనిచేసింది అన్నారు. షావుకారు పుణ్యం అన్నారు. మరి ఎర్నమ్మ సంగతేమిటి? కంకణం విప్పిన చెయ్యి, ఆ చేతి మీదుగా వచ్చిన బట్ట కట్టుకుంటే అరిష్టం అన్నారు.

ముందు షావుకారు ఇంటినుంచి బట్టలు రావడం మానేశాయి. తర్వాత బజారు వాళ్ళవి మానేశాయి. ఆ తర్వాత ఊరందరివీ మానేశాయి. ఆరోజు పొద్దున నీళ్ళు పోస్తుంటే చూసినవాళ్ళే, మూతలోంచి నీళ్ళు కారుతుంటే చూసినవాళ్ళే, ఆవిడ గుమ్మం ముందునుంచి బట్టల మూటలు పట్టుకుని పట్నానికి పోయేవారు. దాలయ్య ఒక్కడే తన ఖాకీ బట్టలు తెచ్చేవాడు. వాడికున్నవి రెండే జతలు. వాటితో ఒక మనిషికి కూడు ఎలా వస్తుంది? అయినా బట్టలివ్వడమే కానీ, ఆవిడ తప్పు లేదని బజార్లో నిలబడి ఒక్కమాట అన్నాడా అంటే, వాడూ అనలేదు.

వానాకాలం వచ్చింది. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు లేవు. పొయ్యిలో కట్టెలు లేవు. ఒకనాడు ఎర్నమ్మ తలుపు తెరవలేదు. జ్వరంతో పోయింది అన్నారు. ఆకలితో పోయిందంటే తమ మీదకి వస్తుంది కదా, అందుకని జ్వరం అన్నారు.

మళ్ళీ దసరా వచ్చింది. మళ్ళీ కారు బానెట్టు ఎత్తారు. ఊరంతా షెడ్డు ముందు చేరింది. వరాలుకి పట్నంలో ఇస్త్రీ చేయించిన పట్టు పరికిణీ కట్టారు. ఆ పిల్ల లోపలికి వెళ్ళి దాన్ని విప్పి ఉండలా చుట్టి, నలిపి, ఆ నలిగిన పరికిణీతోనే బయటికొచ్చింది. నాన్న కంకణం కట్టబోతుంటే వచ్చి నల్ల మూత మీద చెయ్యి పెట్టింది. చెయ్యి తియ్యమంటే తియ్యలేదు.

"నాన్నా, దీని మీద నీళ్ళు పోసిందెవరు?"

షావుకారు మళ్ళీ చెయ్యి తియ్యమన్నాడు. పిల్ల దాలయ్య వైపు తిరిగింది.

"దాలయ్య మావా, నువ్వు చెప్పు. నీళ్ళు పోసిందెవరు?"

దాలయ్య షావుకారు వైపు చూశాడు. పిల్ల కాలి మడమ మీద మచ్చ వైపు చూశాడు. అప్పుడు, అంతకాలానికి, వాడి నోరు పెగిలింది.

"మీ నాన్నగారు పోశారమ్మా."

"నోరు మూసుకున్నదెవరు?"

"నేను. మేమందరం."

"ముడి విప్పిందెవరు?"

"ఎర్నమ్మ."

ఊరు ఊరంతా విన్నది. కాదన్నవాడు ఒక్కడు లేడు. పిల్ల తల్లి వచ్చి కూతురి పక్కన నిలబడింది. షావుకారు చేతిలో దారం చేతిలోనే ఉండిపోయింది. ఆ ఏడు ఆ కారుకి కంకణం కట్టలేదు.

సాయంత్రానికల్లా దాలయ్య కొలువు పోయింది. పోతే పోయింది. వాడు లారీ ఎక్కాడు. ఘాటు రోడ్డు మీద బండి ఆపిన ప్రతిచోటా ఈ కథ చెప్పాడు. టీ తాగుతూ చెప్పాడు, టైరు మారుస్తూ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ తాను నోరు మూసుకున్న సంగతి దాచకుండా చెప్పాడు. అలా కథ కొండ దిగింది, మళ్ళీ కొండ ఎక్కింది.

ఇప్పటికీ ఆ రోడ్డు మీద ఆయుధపూజ రోజున డ్రైవర్లు ఇస్త్రీ లేని చొక్కాలు వేసుకుంటారు. కొత్త చొక్కా అయినా సరే, నలిపి వేసుకుంటారు. బండికి కంకణం కడతారు కానీ ముళ్ళు బిగించరు, లాగితే ఊడొచ్చేలా జారుముడి వేస్తారు. దాన్ని ఎర్నమ్మ ముడి అంటారు. ఆ ముడిని, ఊళ్ళో భర్త పోయిన ఆడమనిషిని పిలిచి, బండికి ఎదురుగా నిలబెట్టి, ఆవిడ చేతే వేయిస్తారు. ప్రతి డ్రైవరు సీటు కిందా ఒక పొడి నూలుగుడ్డ ఉంటుంది. ఇంజను తడి తప్ప దాంతో ఇంకేమీ తుడవరు.

ఎప్పుడైనా ఆ దారిలో బస్సు ఎక్కితే వినండి. బండి ఊరికే తిరిగి అందుకోకపోతే డ్రైవరు ఎవరినీ తిట్టడు. ఎవరు ఎదురొచ్చారని అడగడు. సెల్ఫ్ మీంచి చెయ్యి తీసేసి, వెనక్కి తిరిగి, గట్టిగా అడుగుతాడు. నీళ్ళు పోసిందెవరు? బస్సులో వాళ్ళు పలకరు. నోరు మూసుకున్నదెవరు? అప్పుడూ పలకరు, తలలు దించుకుంటారు. ముడి విప్పిందెవరు?

అప్పుడు ముసలీ ముతకా, పిల్లా జెల్లా, బస్సులో ఉన్న వాళ్ళంతా ఒక్క గొంతుతో ఆవిడ పేరు చెబుతారు. డ్రైవరు గుడ్డ తీసుకుని కిందికి దిగుతాడు.

కథలన్నీ కంచికి పోతాయంటారు. ఇది మాత్రం పోలేదు. ఆ ఘాటు రోడ్డు మీదే తిరుగుతోంది.